ఒంటిగంట శాండ్‌విచ్: ఫోర్ట్ బండ్ల మీద నాలుగు వారాల డైరీ

మొదటి సోమవారం

మా ఆఫీసు ముంబయి ఫోర్ట్‌లో, హార్నిమన్ సర్కిల్ వెనక సందులో. ఇన్నాళ్లూ మధ్యాహ్నం డబ్బా తెప్పించుకునేవాణ్ణి. వండి పంపే ఆవిడ నెల రోజులకి ఊరెళ్లింది. ఆఫీసులో క్యాంటీన్ లేదు, హోటల్లో కూర్చుని తిందామంటే సీటు దొరికేసరికే సగం లంచ్ టైమ్ అయిపోతుంది. ఇక మిగిలింది ఈ ఊళ్లో ఆఫీసుల వాళ్లంతా రోడ్డు మీద నిలబడి తినే వెజ్ టోస్ట్ శాండ్‌విచ్. తెనాలి నుంచి వచ్చి మూడేళ్లయినా దాని జోలికి నేను పెద్దగా పోలేదు. మన ఇళ్లల్లో బ్రెడ్డంటే జ్వరమే కదా. నిన్న ఫోన్లో అమ్మకి చెప్తే అదే అడిగింది, "బ్రెడ్డేమిట్రా, ఒంట్లో బాగోలేదా?" అని.

సరే, ఎలాగూ నెల రోజులు తినాలి కాబట్టి ఏ బండి మంచిదో తేల్చేద్దామనుకున్నా. రూల్స్ రాసుకున్నా. ఆఫీసు నుంచి పది నిమిషాల నడకలో ఉండాలి. ప్రతిచోటా ఒకటే ఆర్డరు, వెజ్ టోస్ట్, చీజ్ లేకుండా. చీజ్ వేయిస్తే అన్ని బండ్లూ ఒకేలా ఉంటాయి, అముల్ చీజ్ తురుము కింద ఎన్ని తప్పులైనా దాక్కుంటాయి. రెండు కొనాలి, ఒకటి అక్కడే వేడిగా తినడానికి, రెండోది పార్సిల్ చేయించి ఆఫీసుకి తెచ్చి విప్పి తూచడానికి. గ్రాముల్లో చూపించే చిన్న జేబు త్రాసు ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించా.

చుట్టుపక్కల తిరిగి ఆరు తేల్చా. బండ్ల మీద పేర్లు సరిగ్గా లేవు, ఉన్నా ఇక్కడ రాయను. నా నోట్‌బుక్కులో వాటి పేర్లు ఇవి: చెట్టు, గొడుగు, బ్యాంకు గోడ, కోర్టు సందు, దలాల్ స్ట్రీట్ మలుపు, ఫౌంటెన్ దగ్గర అద్దాల షాపు. చివరిది ఒక్కటే బండి కాదు.

మంగళవారం, చెట్టు, 1:10

రావిచెట్టు కింద బండి, బొగ్గుల కుంపటి. లైన్లో నా ముందు పదకొండు మంది.

తెలియనివాళ్ల కోసం ఎలా చేస్తారో చెప్తా. పెద్ద సైజు తెల్ల బ్రెడ్డు, రెండు ముక్కలకీ వెన్న, దాని మీద పచ్చ చట్నీ. ఆ పైన ఉడికించిన బంగాళాదుంప, ఉడికించిన బీట్‌రూట్, కీరా, టమాటా, ఉల్లిపాయ చక్రాలు, వాటి మీద శాండ్‌విచ్ మసాలా. ఇదంతా చేతి టోస్టర్లో పెట్టి నిప్పుల మీద కాలుస్తారు. చేతి టోస్టర్ అంటే పొడుగాటి రెండు కాడల చివర రెండు పలకలు, పట్టుకారులా మూసి గొళ్లెం పెట్టేస్తారు. కాలాక పైన మళ్లీ వెన్న పూసి, ఆరు ముక్కలు కోసి, చట్నీ, సాస్, సన్న సేవ్ వేసి ఇస్తారు. ఆ ఆకుపచ్చ చట్నీని, ఎర్రటి బీట్‌రూట్‌ని చూసి మొదట్లో నాకు ఎవరో పిల్లలు రంగులు కలిపి ఆడుకున్నట్టు అనిపించేది.

ఇవాళ్టిది ఏం బాగాలేదు. బయట నల్లగా మాడింది, లోపల టమాటా చల్లగా ఉంది. బ్రెడ్డు అడుగున మెత్తబడి చేతిలో విరిగిపోయింది. ఇరవై నిమిషాలు ఎదురుచూసి అరవై రూపాయలు ఇచ్చి తిన్నది ఇది. నోట్‌బుక్కులో చెట్టుకి పదికి నాలుగు.

బుధ, గురు

గొడుగు: గ్యాసు పొయ్యి, అరవై రూపాయలు, పదికి ఏడు. బ్యాంకు గోడ: కరెంటు గ్రిల్ కాబట్టి గీతలు గీతలుగా వస్తుంది, ఎనభై, పదికి ఆరు. గ్రిల్ శాండ్‌విచ్ అందంగా ఉంటుంది కానీ అంచులు మూసుకోవు, చేతి టోస్టర్లో నాలుగు పక్కలా నొక్కుకుపోయి లోపలి ఆవిరి బయటికి పోకుండా ఉంటుంది, నాకు అదే ఇష్టమని ఇప్పుడు తెలిసింది.

ప్యాంట్రీలో తూకాలు మొదలెట్టా. శాండ్‌విచ్ విప్పి బంగాళాదుంప ఒకవైపు, కీరా ఒకవైపు పేర్చి తూస్తుంటే మా సెక్షన్‌లో గుజరాతీ కొలీగ్ వచ్చి చాలాసేపు చూశాడు. "సర్, పోస్టుమార్టమ్ రిపోర్టు ఎప్పుడొస్తుంది?" అన్నాడు. అప్పటినుంచి ఆఫీసులో దాని పేరు పోస్టుమార్టమే.

రెండు రోజుల తూకాలూ దాదాపు ఒకటే: మొత్తం 220 నుంచి 235 గ్రాములు, అందులో బంగాళాదుంప 45 దగ్గర, టమాటా 35 దగ్గర. తేడా పెద్దగా లేదు. మరి తింటున్నప్పుడు అంత తేడా ఎందుకుందో అర్థం కాలేదు.

శుక్రవారం, కోర్టు సందు

హైకోర్టు వైపు వెళ్లే సందులో. నల్లకోటు వాళ్లు ఒక్కసారిగా వస్తారు, ఒక్కసారిగా పోతారు. నేను వెళ్లేసరికి ఆ అల ఇంకా రాలేదు. ఫోన్లో అమ్మతో మాట్లాడుతూ నిలబడితే బండి దగ్గర కూరలు కోస్తున్న అతను తలెత్తి తెలుగులో "మీది ఏ ఊరన్నా?" అన్నాడు. సోలాపూర్ అట. పద్మశాలీ కుటుంబం, తాతల కాలంలో తెలంగాణ నుంచి మగ్గాల పని కోసం వచ్చేశారు. మాట మరాఠీ యాసలో ఉంది, నాకు రెండు మూడు పదాలు అర్థం కాలేదు, ఆయనకి నా గుంటూరు మాట ఇంకా తక్కువ అర్థమైనట్టుంది.

ఈ వారంలో నాకు పనికొచ్చిన సమాచారమంతా ఈ పది నిమిషాల్లోనే దొరికింది. వెన్న ముందు రాసేది రుచికి మాత్రమే కాదు, అది బ్రెడ్డుకీ చట్నీకీ మధ్య అడ్డు. వెన్న సరిగ్గా అంచులదాకా పూయకపోతే చట్నీలో నీళ్లు బ్రెడ్డులోకి దిగిపోతాయి. బంగాళాదుంపలు తెల్లవారుజామునే ఉడికించి పూర్తిగా చల్లారనిస్తారు, వేడిమీద కోస్తే పిండి పిండిగా విడిపోతాయి. చట్నీ చిక్కబడడానికి పుట్నాలు, వాళ్ల మాటలో డాలియా. రుబ్బేటప్పుడు ఐసు ముక్కలు వేస్తారు, మిక్సీ వేడికి కొత్తిమీర రంగు పోకుండా.

"ఉప్పెంత వేస్తారు?" అన్నా.

"చట్నీలో తక్కువే అన్నా. మస్కాలోనే ఉప్పుంటది కదా."

నిజమే, అముల్ వెన్న ఉప్పు వేసిన వెన్న. రోజూ తింటూ దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

యాభై అయిదు రూపాయలు. పదికి ఎనిమిది. తోటివాడని మార్కులు వేయలేదు, నిజంగా బాగుంది.

శనివారం, అద్దాల షాపు

నూట నలభై. ఏసీ ఉంది, కుర్చీ ఉంది, మల్టీగ్రెయిన్ బ్రెడ్డు ఉంది. చట్నీ ఫ్రిజ్‌లోంచి తీసి రాశారు, పళ్లు జివ్వుమన్నాయి. పదికి అయిదు, అందులో రెండు ఏసీకి.

రెండో సోమవారం

దలాల్ స్ట్రీట్ మలుపు బండి లేదు. పక్కన సిగరెట్ల కొట్టతన్ని అడిగితే చెయ్యి ఊపాడు. అంటే పోయిందని కావచ్చు, వస్తుందని కావచ్చు. వీధి వ్యాపారులకి రక్షణ అని 2014లో చట్టం వచ్చింది కానీ రోడ్డు మీద ఉండేవాడికి పొద్దున లేస్తే ఆ చోటు ఉంటుందా అనే టెన్షన్ మాత్రం పోలేదు. నోట్‌బుక్కులో ఆ గడి ఖాళీగా వదిలా.

రెండో మంగళ, బుధ: జైన్ పరీక్ష

మా గుజరాతీ కొలీగ్ జైనుడు. దుంపలు తినడు, అంటే బంగాళాదుంప, ఉల్లి, వెల్లుల్లి, బీట్‌రూట్ ఏవీ వద్దు. ఆయన్ని వెంటబెట్టుకుని గొడుగుకి వెళ్లా. శాండ్‌విచ్‌లోంచి బంగాళాదుంప తీసేస్తే ఏం మిగులుతుందనేది నా అనుమానం. గొడుగతను ఏమీ అడక్కుండా ఇంకో డబ్బా మూత తీసి ఉడికించిన అరటికాయ చక్రాలు పేర్చాడు. కత్తి తుడిచాడు కూడా. అదే బ్యాంకు గోడ దగ్గర బుధవారం అడిగితే బంగాళాదుంప బదులు ఇంకాస్త కీరా వేసి అదే ధర తీసుకున్నారు. కొలీగ్ తిన్నాక ఒక్క మాట అన్నాడు, "ఇది సలాడ్." మార్కులు తగ్గించా.

అరటికాయది నేనూ ఒక ముక్క తిన్నా. ఈసారి తెనాలి వెళ్లినప్పుడు అమ్మ చేత అరటికాయ ఉడికించి ఇలా పెట్టించాలి. ఏమంటుందో తెలుసు, వేపుడుకి పనికొచ్చే కాయని పాడు చేశావంటుంది.

రెండో గురువారం: మొత్తం తలకిందులైంది

ఒంటిగంటకి మీటింగ్ పెట్టారు కాబట్టి 12:35కే కిందకి దిగా. ఎక్కడికీ వెళ్లే టైమ్ లేదు, దగ్గరున్నది చెట్టు. నాలుగు మార్కుల బండి. లైన్లో ఇద్దరే.

అదే మనిషి, అదే కుంపటి, అదే బ్రెడ్డు. వెన్న అంచుదాకా పూశాడు. బంగాళాదుంపని ఎడమ అరచేతిలో పట్టుకుని బ్రెడ్డు పైనే గాల్లో కోశాడు, చక్రాలు ఒకదాని పక్కన ఒకటి రాలిపడ్డాయి. లెక్కపెట్టా: ఏడు. అట్టముక్క అంత పలచన, వెలుతురుకి పెడితే అవతల వేలు మసగ్గా కనిపిస్తుందేమో అన్నట్టు. టోస్టర్ కుంపటి మధ్యలో కాకుండా నిప్పు తగ్గిన అంచున పెట్టి రెండుసార్లు తిప్పాడు. నా వాచీలో నాలుగు నిమిషాల పైన. కోస్తుంటే కరకర చప్పుడు వచ్చింది. ఆరు ముక్కల్లో ఆరింటిలోనూ అన్నీ ఉన్నాయి.

ఇంత మంచి శాండ్‌విచ్ ఈ రెండు వారాల్లో తినలేదు.

మీటింగ్‌లో ఏం మాట్లాడారో నాకు తెలియదు. అయిపోగానే మళ్లీ కిందకి పరిగెత్తా, 1:25. అదే బండి దగ్గర ఇంకోటి చెప్పి, తినకుండా పైకి తెచ్చి విప్పా. బంగాళాదుంప నాలుగు చక్రాలు, ఒక్కోటి మందంగా. తూకం పెట్టా: మొత్తం 228 గ్రాములు, బంగాళాదుంప 46. నా పాత లెక్కల ప్రకారం ఇది గొప్ప శాండ్‌విచ్ అన్నమాట. కానీ నాలుగు మందపాటి చక్రాలు మధ్యలో కుప్పగా ఉన్నాయి, మూలల్లో ఉన్న ముక్కల్లో బ్రెడ్డు, చట్నీ తప్ప ఏమీ లేదు. వెన్న మధ్యలోనే ఆగిపోయింది, అంచులు తడిసిపోయాయి. నిప్పుల నడుమ పెట్టి రెండు నిమిషాల్లో తీసేశాడు, అందుకే పైన మాడు, లోపల పచ్చి.

త్రాసు వల్ల నాకు ఒరిగిందేమీ లేదు. తూచడం కాదు, చక్రాలు లెక్కపెట్టాల్సింది. ఇంకా పెద్ద తప్పేమిటంటే పది రోజులుగా నేను బండికీ బండికీ పోలిక చూస్తున్నాననుకున్నా, నిజానికి చూసింది ఒక బండి 1:10కీ ఇంకో బండి 12:50కీ మధ్య తేడా. కోర్టు సందుకి ఎనిమిది ఎందుకొచ్చాయి? లాయర్లు రాకముందు వెళ్లా కాబట్టి. పాత మార్కులన్నీ కొట్టేశా.

మూడో వారం

మళ్లీ మొదటినుంచి, ప్రతి బండికీ రెండుసార్లు: 12:40కి ఒకటి, 1:20కి ఒకటి. మా మేనేజర్ని అడిగి ఈ వారానికి లంచ్ అరగంట ముందుకు జరిపించుకున్నా, కారణం మాత్రం చెప్పలేదు. కడుపు సంగతేమిటి అంటారా, పార్సిల్‌వి సగం ఆఫీస్ బాయ్‌కి, సగం కొలీగ్‌లకి. రెండో వారం చివర ఒక రోజు కడుపు మొరాయించింది కూడా, ఏ బండి వల్లో చెప్పలేను, పన్నెండు శాండ్‌విచ్‌లు తిన్నవాడు ఒక్క బండి మీద నింద వేయడం న్యాయం కాదు.

క్యూ లెక్క కూడా వేశా, ఇది బస్సు స్టాపుల్లో, బ్యాంకుల్లో నిలబడేవాళ్లకి పనికొస్తుంది. లైన్లో మనుషుల్ని చూసి భయపడకూడదు, టోస్టర్లు లెక్కపెట్టాలి. చెట్టుకి నాలుగు టోస్టర్లు. పెట్టడం, తీయడం కలిపి ఒక వాయికి అయిదు నిమిషాలు, అంటే గంటకి 48 శాండ్‌విచ్‌లు, అంతకన్నా ఒక్కటి కూడా ఎక్కువ రాదు. లైన్లో పన్నెండు మంది ఉంటే సగం మంది రెండేసి తీసుకుంటారు, అంటే 18. నాలుగు వాయిలు పోయి అయిదో వాయి. ఇరవై అయిదు నిమిషాలు. గొడుగుకి ఆరు టోస్టర్లు ఉన్నాయి కాబట్టి అదే లైను మూడు వాయిల్లో, పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. ఒంటిగంట దాటాక చెట్టు అతను ఆ అయిదు నిమిషాల్ని మూడు చేస్తాడు, మాడేది అక్కడే. గొడుగుకి ఆ అవసరం పెద్దగా రాదు.

ఇంకోటి గమనించా. రద్దీ వస్తుందని తెలిసిన బండ్లు 12:55 నుంచే బ్రెడ్డుకి చట్నీ రాసి పదేసి జతలు పేర్చిపెట్టుకుంటాయి. అడుగున ఉన్న జత పావుగంట సేపు పైవాటి బరువు మోస్తూ చట్నీ తాగుతూ ఉంటుంది. పేర్చిన దొంతర్లోంచి పైదే తీస్తారు, అడుగుది ఎవరికో వస్తుంది. మొదటి మంగళవారం అది నాకే వచ్చిందని ఇప్పుడు అనుకుంటున్నా.

దలాల్ స్ట్రీట్ మలుపు బండి ఈ బుధవారం తిరిగొచ్చింది. దాని రద్దీ ఒంటిగంటకి కాదు. ఆ వీధిలోనే ఉన్న స్టాక్ మార్కెట్ 9:15కి మొదలై 3:30 దాకా మధ్యలో విరామం లేకుండా నడుస్తుంది, స్క్రీన్ల ముందున్నవాళ్లు మధ్యాహ్నం లేవరు, 3:30 తర్వాత దిగుతారు. అందుకని 1:20కి కూడా అక్కడ ఏడు చక్రాలూ వచ్చాయి.

ఆదివారం, ఇంట్లో

చేతి టోస్టర్ ఒకటి భులేశ్వర్ వైపు పాత్రల కొట్లలో కొన్నా, రెండొందల లోపే. మొదటిసారి మామూలు బ్రెడ్డు పెడితే టోస్టర్లో సగానికి వచ్చింది, అంచులు మూసుకోలేదు. రెండోసారి బండి వాళ్లు వాడే పెద్ద సైజు విబ్స్ బ్రెడ్డు తెచ్చా.

చట్నీ మూడుసార్లు చేశా. మొదటిసారి చెయ్యి అలవాటు కొద్దీ చింతపండు వేశా. రుచి బ్రహ్మాండం, కానీ అది మన కొత్తిమీర పచ్చడి, అన్నంలోకి, రంగు చూస్తే బురద. రెండోసారి నిమ్మకాయ, ఐసు, పుట్నాలు, రంగు వచ్చింది, పలచనైంది, బ్రెడ్డు తడిసింది. మూడోసారి నీళ్లు అసలు పోయకుండా ఐసు ముక్కలతోనే రుబ్బి పుట్నాలు రెట్టింపు చేశా. చెంచా నిలబడింది. ఉప్పు మానేశా, వెన్నలో ఉంది కదా.

బంగాళాదుంపలు రాత్రే ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టా, పొద్దున్నకి గట్టిపడి కత్తికి అంటుకోకుండా తెగాయి. అరచేతిలో పట్టుకుని గాల్లో కోద్దామని చూశా. మూడో చక్రానికి బొటనవేలు తెగింది. పీట వేసుకుని కోశా. నాలుగు చక్రాలే వచ్చాయి, అదీ ఒకవైపు మందం, ఒకవైపు పలచన. ఆ చెట్టు కింద మనిషి లైను లేనప్పుడు మాటలాడుతూ, చూడకుండా ఏడు కోస్తాడు.

అమ్మకి వీడియో కాల్‌లో చూపించా. "ఆ కట్టు ఏంటి వేలికి?" అంది. శాండ్‌విచ్ గురించి ఏమీ అడగలేదు.

నాలుగో వారం

తేలింది ఇది. 12:40కి వెళ్లగలిగితే చెట్టు, దాని దరిదాపుల్లోకి ఏదీ రాదు, బొగ్గు వాసన గ్యాసుకి ఎలాగూ రాదు. ఒంటిగంట దాటితే చెట్టు వైపు చూడకూడదు, గొడుగుకి పోవాలి. కోర్టు సందు బాగుంటుంది కానీ నల్లకోట్లు కనిపిస్తే వెనక్కి తిరగడమే. లేటైపోయి 1:20 దాటితే దలాల్ స్ట్రీట్ మలుపు, ఆ రోజు బండి ఉంటే. అద్దాల షాపు మే నెలలో ఒకసారి మళ్లీ చూస్తా, ఎండకి ఆ రెండు మార్కులు నాలుగు కావచ్చు.

ఒక పార్సిల్ తీసుకుని టౌన్‌హాల్ మెట్ల మీద కూర్చుని తిందామని చూశా. 1833లో కట్టిన ఆ మెట్లు పడమర ముఖంగా ఉంటాయి, ఒంటిగంటన్నరకి ఎండ మొహం మీదే. ఎదురుగా హార్నిమన్ సర్కిల్ పార్కులో చెట్ల నీడ నయం. సేవ్ రాలితే పావురాలు వస్తాయి, అది వేరే సంగతి.

బుధవారం సెక్షన్‌లో అందరూ పోస్టుమార్టమ్ రిపోర్టు ఏదని పట్టుకున్నారు. చెప్పేశా: చెట్టు, 12:40, చీజ్ వద్దు, చక్రాలు లెక్కపెట్టుకోండి. ఎవరో దాన్ని ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. మేనేజర్ కూడా బొటనవేలు పెట్టాడు.

శుక్రవారం 12:40కి దిగా. లైన్లో నా ముందు తొమ్మిది మంది, అందులో ఆరుగురు మా ఫ్లోర్ వాళ్లు. కుంపటి పక్కన చట్నీ రాసిన బ్రెడ్డు జతలు అప్పటికే పేర్చి ఉన్నాయి.